ఎదురుబెంచీ

గుండ్లదిన్నె హైస్కూల్లో హైమావతి టీచరంటే పిల్లలకు భయం, పెద్దవాళ్లకు నమ్మకం. ఇరవై ఎనిమిదేళ్లుగా లెక్కలు చెప్తోంది. ఆమె చేతికింద చదివి పదో తరగతి లెక్కల్లో తప్పినవాళ్లను వేళ్ల మీద చెప్పొచ్చు. ఒకసారి జిల్లాలో ఉత్తమ ఉపాధ్యాయురాలని శాలువా కూడా కప్పారు. రోజూ పొద్దున నెల్లూరులో ఏడుంపావు బస్సెక్కి, రొయ్యల గుంటల మధ్య గంటసేపు ప్రయాణం చేసి, ప్రార్థన గంట కంటే ముందే బడిలో ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ గంటసేపూ ఆ రోజు చెప్పబోయే పాఠం మనసులో చెప్పుకుంటూ వెళ్లేది. నాలుగైదేళ్లకి ఆ అవసరం తీరిపోయింది. పాఠాలన్నీ నోటికి వచ్చేశాయి. ఆ తర్వాత బస్సులో కునుకు తీయడం అలవాటైంది.

ఇంట్లో నలుగురే. భర్త కోదండపాణి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కొడుకు వంశీకి ఓడరేవులో షిఫ్టు ఉద్యోగం. కోడలు యామిని ఊరి చివర ఉన్న ఒక చిన్న పరిశోధనాలయంలో మెదడు మీద పనిచేస్తుంది. పెళ్లయి మూడేళ్లయింది. కాపరానికి వచ్చిన మొదటి రోజే యామిని తనకు వంట రాదని చెప్పేసింది. రానిదాన్ని వచ్చని చెప్పలేదు, అంతే చాలని హైమావతి ఆ రోజు నుంచీ కోడల్ని ఇష్టపడింది. సాయంత్రాలు ఇద్దరూ వంటింటి గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతూ, ఒకరు బడి కబుర్లు, ఒకరు ల్యాబు కబుర్లు చెప్పుకునేవాళ్లు.

ఒక ఆదివారం గోంగూర వలుస్తుంటే యామిని ముఖం వాడిపోయి ఉంది. ఏమైందని అడగ్గా అడగ్గా చెప్పింది. ఆరేళ్లుగా తను చేస్తున్న యంత్రం తయారైంది. కానీ దాని ముందు కూర్చునే టీచరు దొరకడం లేదు. పదకొండు మందిని అడిగింది. పదకొండు మందీ వద్దన్నారు.

ఆ యంత్రాన్ని ల్యాబులో అందరూ ఎదురుబెంచీ అనేవాళ్లు. పాఠం జరిగేటప్పుడు పిల్లల తలకు రిబ్బను లాంటి మెత్తటి పట్టీ కడతారు. టీచరు చెప్పింది ఆ పిల్ల మనసులోకి ఎట్లా వెళ్లింది, ఎక్కడ అతుక్కుంది, ఎక్కడ తెగిపోయింది, అంతా ఆ పట్టీలో నిలుస్తుంది. తర్వాత టీచరు ల్యాబులో కూర్చుని టోపీ పెట్టుకుంటే, తను చెప్పిన పాఠాన్నే ఆ పిల్ల విన్నట్టుగా వింటుంది.

"మరి నన్నెందుకు అడగలేదు?" అంది హైమావతి.

అత్తగారిని ఎట్లా అడగనని యామిని తల దించుకుంది. హైమావతి నవ్వేసింది. తన పాఠం గురించి ఆమెకు బెంగేమీ లేదు. కోడలి యంత్రం బాగా పనిచేస్తుందని చూపించడానికి తన క్లాసు కంటే మంచిది ఎక్కడ దొరుకుతుందని లోపల కాస్త గర్వం కూడా పడింది.

*

హెడ్మాస్టరు మస్తానయ్య ఒప్పుకున్నారు. పిల్లల అమ్మానాన్నల్ని బడికి పిలిచి యామిని అంతా వివరించింది, సంతకాలు తీసుకుంది. జులై నెల మూడో వారంలో ఏడో తరగతిలో ముప్పై ఒక్క మంది పిల్లలు నీలం పట్టీలు కట్టుకుని కూర్చున్నారు. మొదట కాసేపు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు గానీ, టీచరు లోపలికి రాగానే గది నిశ్శబ్దమైపోయింది.

ఆ రోజు పాఠం భిన్నాల భాగహారం. హైమావతికి కళ్లు మూసుకుని చెప్పగలిగే పాఠం. మూడుని అరతో భాగించాలంటే అరని తలకిందులు చేసి గుణించాలి. ఆరు వస్తుంది. బోర్డు మీద నాలుగు లెక్కలు చేసి చూపించింది, ఆరు లెక్కలు ఇచ్చింది, నోటు పుస్తకాలు దిద్దింది. గంట కొట్టేసరికి పాఠం పూర్తయింది. చాలా బాగా జరిగిందని సాయంత్రం కోడలికి చెప్పింది.

ఆ ఆదివారం ల్యాబుకి వెళ్లింది. కుర్చీ పళ్ల డాక్టరు దగ్గరుండే కుర్చీలా ఉంది. టోపీ పెడుతూ యామిని ఒక మాట చెప్పింది.

"కాసేపు మీకు వచ్చిన లెక్కని మీకు రానట్టు చేస్తాను అత్తయ్యా. వచ్చినవాళ్లకు రానివాళ్ల తికమక ఎంత చెప్పినా తెలియదు. టోపీ తీసిన పది నిమిషాల్లో మళ్లీ మామూలైపోతుంది. భయపడొద్దు."

పట్టీల మీద పేర్లు లేవు, నంబర్లే. యంత్రం పదిహేడో పట్టీని తీసుకుంది.

హైమావతికి ముందు వినిపించింది తన గొంతే. ఇంత వేగంగా మాట్లాడతానా అనుకుంది. బోర్డు మీద తన చెయ్యి అంకెలు వేస్తోంది. అవి అంకెలే, కానీ వాటి వెనక ఏమీ లేదు. ఒకటి, కింద రెండు, మధ్యలో గీత. ఆ గీత ఎందుకో తెలియలేదు. గొంతు ఆగకుండా పోతూనే ఉంది. బస్సు కదిలిపోతుంటే వెనక పరిగెత్తినట్టుంది. అంతలో "అర్థమైందా?" అని వినిపించింది. చుట్టూ అందరూ "అర్థమైంది టీచర్" అన్నారు. తన నోరు కూడా అంది.

కాసేపటికి తను లేచి నిలబడింది. గొంతు సన్నగా వచ్చింది. భాగిస్తే తగ్గాలి కదా టీచర్, మూడు ఆరెట్టా అయింది, అని అడిగింది. బోర్డు దగ్గర ఉన్న ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు. రూలంతే, తలకిందులు చేసి గుణించు, ఏడో తరగతికి వచ్చి అడిగే ప్రశ్నేనా, అంది. పిల్లలు నవ్వారు. చెవులు వేడెక్కాయి. కూర్చుంది.

కానీ పదిహేడో నంబరు పిల్ల అక్కడితో ఊరుకోలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించసాగింది. అమ్మ పనిచేసే రొయ్యల షెడ్డు కళ్లముందుకొచ్చింది. తడి బల్ల మీద మూడు కిలోల కుప్ప. అమ్మ అరకిలో ప్యాకెట్లు కడుతోంది. ఒకటి, రెండు. ఒక కిలో అయిపోయింది. మూడు, నాలుగు. ప్యాకెట్టు చిన్నదయ్యేకొద్దీ ప్యాకెట్లు ఎక్కువవుతాయి కదా. అయిదు. ఓహో, అందుకనే పెరిగింది, అందుకనే...

"పెంచలరాణీ! ఎక్కడ చూస్తున్నావ్?"

చాక్‌పీసు ఒకటి వచ్చి బెంచీకి తగిలింది. అంతే, కుప్ప, ప్యాకెట్లు, అమ్మ, అన్నీ చెదిరిపోయాయి. మళ్లీ రాలేదు. తక్కిన పాతిక నిమిషాలూ ఆ పిల్ల బోర్డు మీద ఉన్నదాన్ని ఉన్నట్టు ఎక్కించుకుంది. ఇంకో నాలుగుసార్లు అర్థమైందన్నది.

టోపీ తీశాక హైమావతి చాలాసేపు లేవలేదు. యామిని మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పక్కన నిలబడింది.

"నేను చాక్‌పీసు విసిరానా?" అని అడిగింది హైమావతి. ఆమెకు నిజంగానే గుర్తులేదు.

*

ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం సరిగ్గా తినలేదు. కోదండపాణి ఏమీ అడక్కుండా మజ్జిగ కలిపి ముందు పెట్టాడు. తాగాక తనే చెప్పింది. ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చింది, నేను మొహం మీద తలుపేశాను, అంది. అంతా విని ఆయన, డిపోలో తనకుండిన ఒక అలవాటు చెప్పాడు. రిపేరు ఎంత బాగా చేసినా, రోడ్డు మీద తోలి చూడందే బండి ఇచ్చేవాడు కాదట.

"నువ్వు ఇరవై ఎనిమిదేళ్లుగా బళ్లన్నీ బాగు చేసి పంపిస్తానే ఉండావు హైమా. ఒక్కటీ తోలి చూడలా. అంతే తేడా. నీ చేతిపని మంచిది కాదని నేననను."

ఇంకెవరైనా అంటే కోపమొచ్చేది. ఆయన కాబట్టి ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి ఆమె క్లాసులో మారింది. "అర్థమైందా" అనే మాట నోటికొచ్చినప్పుడల్లా నాలుక కరుచుకునేది. ఆ మాట తీసేస్తే మధ్యలో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు, ఆగిపోయేది. ఆ ఆగినచోట ఎవరో ఒక పిల్లో పిల్లాడో ఏదో అడిగేవాళ్లు. బస్సులో కునుకు మానేసింది. మళ్లీ పాఠం మనసులో చెప్పుకోవడం మొదలుపెట్టింది, ఈసారి బెంచీలో కూర్చున్నదాని లాగా.

ల్యాబులో యామిని పెద్దలకు మొదటి ఫలితాలు చూపించింది. అందరూ మెచ్చుకున్నారు. ఒక మనిషి ఒక పట్టీని ఒక్కసారే వినాలని నియమం. రెండో ఆదివారం హైమావతి ఇంకో పిల్లాడి పట్టీ విన్నది. మూడో ఆదివారం పదిహేడో పట్టీ మళ్లీ కావాలని అడిగింది. సరిగ్గా ఏ మాట దగ్గర ఆ పిల్ల చెయ్యి వదిలేశానో తెలుసుకోవాలి, ఒక్కసారి చాలు, అంది. యామిని వద్దంది. కానీ ఇంట్లో తనకు అడ్డు చెప్పని మనిషి బతిమాలుతుంటే ఎంతసేపు కాదంటుంది. ఒప్పుకుంది. ఒకసారి ఒప్పుకున్నాక రెండోసారి కాదనడం ఇంకా కష్టమైంది. అట్లా పదిహేడో పట్టీని హైమావతి మొత్తం అయిదుసార్లు విన్నది.

*

సెప్టెంబరులో ఒక బుధవారం, ఎనిమిదో తరగతిలో నిష్పత్తులు చెప్తుండగా ఆమె చెయ్యి బోర్డు మీద ఆగిపోయింది. మూడు బై నాలుగుని ఒకటి బై రెండుతో భాగించాలి. ఏం చేయాలో తోచలేదు. తలకిందులు చేసి గుణించాలని నోటికి వస్తోంది. చేసింది. ఒకటిన్నర వచ్చింది. కానీ అది తప్పో ఒప్పో చెప్పలేకపోయింది. ముక్కాలు కంటే ఒకటిన్నర ఎక్కువ కదా, భాగిస్తే ఎట్లా పెరుగుతుంది? ఆ సందేహం ఆమె లోపల్నుంచి, ఒక సన్నటి గొంతుతో వచ్చింది.

ఎండ దెబ్బేమో అనుకుని పిల్లలకు వేరే పని ఇచ్చి కూర్చుంది. ఇంటికెళ్లి ఏడో తరగతి పుస్తకం తీసి చదివింది. చదివినంతసేపూ అక్షరాలు కనిపించాయి, పుస్తకం మూయగానే ఏమీ మిగల్లేదు. మర్నాడు కోదండపాణి గారెలకు పప్పు నానబోస్తూ, ముప్పావు కిలోలో సగమంటే ఎంతమ్మా లెక్కల టీచరూ అని సరదాగా అడిగాడు. ఆమె జవాబు చెప్పలేక గిన్నె వంక చూస్తూ నిలబడింది. ఆయన చేతిలోని డబ్బా కింద పెట్టేసి, యామినికి ఫోన్ చేశాడు.

యామిని పరీక్షలన్నీ తనే చేసింది. రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున అత్తగారి మంచం అంచున కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. వచ్చిన లెక్కని మరిపించడానికి యంత్రం మెదడులో ఒక దారిని మూస్తుంది. పది నిమిషాలకు ఆ దారి తెరుచుకోవాలి. ఒకే దారిని మళ్లీ మళ్లీ మూయడం వల్ల అది తెరుచుకోవడం మానేసింది. ఆ దారికి ఆనుకుని ఉన్నవి కూడా ఒక్కొక్కటీ మసకబారుతున్నాయి. ఇవాళ భిన్నాలు, నిష్పత్తులు. రేపు శాతాలు పోవచ్చు. ఎక్కడ ఆగుతుందో తెలియదు.

చెప్పడం పూర్తి చేయలేకపోయింది. "నేను కాదని ఉండాల్సింది అత్తయ్యా" అని ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.

హైమావతి కోడలి తల నిమురుతూ కూర్చుంది. తనకు భయంగానే ఉంది. లెక్కలు తీసేస్తే తన దగ్గర ఏం మిగులుతుందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా యామిని అట్లా ఏడుస్తుంటే తన భయం బయటపెట్టాలనిపించలేదు. అడిగింది నేను, నువ్వు కాదు, అంది. తర్వాత, ల్యాబులో చెప్పావా అని అడిగింది.

చెప్పలేదు. చెప్తే ప్రయోగం ఆపేస్తారు. ఆరేళ్ల పని.

"ఇంకో టీచరు ఆ కుర్చీలో కూర్చోకముందే చెప్పు. నేను పక్కనే ఉంటాను."

ఇద్దరూ కలిసే వెళ్లారు. అయిదుసార్లు విన్న సంగతి, నియమం తప్పిన సంగతి, యామిని ఏదీ దాచలేదు. ఆ వారమే ఎదురుబెంచీ గదికి తాళం వేశారు. యామినిని విచారణ అయ్యేదాకా పనికి రావద్దన్నారు.

*

హైమావతి మస్తానయ్య గారికి ఉన్నదున్నట్టు చెప్పి సెలవు పెట్టింది. స్వచ్ఛందంగా రిటైరవుదామని కూడా అనుకుంది. ఆయన, నెలరోజులు చూద్దాం, తొందరపడొద్దమ్మా, అన్నారు. పదో తరగతికి పక్క ఊరి బడి నుంచి ఒకాయన్ని రప్పించారు.

ఇంట్లో వారం గడిచింది. పొద్దున ఏడుంపావుకి కాళ్లు వాటంతట అవే గుమ్మం వైపు వెళ్లేవి. వంశీ షిఫ్టు నుంచి వచ్చి అమ్మ పక్కన కూర్చుని, రెండో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టి నేర్పడానికి ప్రయత్నించాడు. వాడు చెప్పింది వాడికి వచ్చిన తీరులో చెప్పాడు. ఆమెకు ఎక్కలేదు. విసుక్కోకుండా ఉండటానికి వాడు పడుతున్న అవస్థ చూసి, తన క్లాసులో పిల్లలు తన ముఖంలో చూసింది ఇదే కాబోలనుకుంది.

వారం తర్వాత ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. లెక్క పోయింది గానీ, పెంచలరాణి ఆలోచన పోలేదు. తడి బల్ల, రొయ్యల కుప్ప, అయిదో ప్యాకెట్టు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అవి తనవి కావు. ఎవరివో వాళ్లకు తిరిగి ఇచ్చేయాలి కదా అనుకుంది. అర్థం తెలియకపోయినా సరే.

మర్నాడు బడికి వెళ్లింది. మధ్యాహ్న భోజనం వేళ. పెంచలరాణి వరండా చివర గోడకానుకుని కూర్చుని తింటోంది. బక్కపలచటి పిల్ల, జడకు నల్ల రిబ్బను. టీచర్ని చూడగానే కంచం పక్కన పెట్టి లేవబోయింది. హైమావతి వద్దని, తనే చీర సర్దుకుని నేల మీద పక్కన కూర్చుంది. ఆ పిల్ల కంచం తీసుకుని కాస్త పక్కకి జరిగింది. టీచర్లు అట్లా కూర్చోరు.

జులైలో భిన్నాల క్లాసులో ఒక ప్రశ్న అడిగావు, గుర్తుందా అని అడిగింది హైమావతి. రాణి తల ఊపింది. అందరూ నవ్వింది గుర్తుంది. ఆ తర్వాత ఏం ఆలోచించావో గుర్తుందా అంటే, లేదంది.

"నాకు గుర్తుంది. నీ పట్టీ నేను విన్నాను. చెప్పేదా?"

రాణి భయంగా చూసింది. "నా తలకాయలో ఉండేది మీకెట్టా తెలుసు? ఇంకేమేం విన్నారు?"

"నీకు ఆ రోజు ఆకలిగా ఉంది. నేను అర్థమైందా అన్నప్పుడల్లా నీకు ఒళ్లు మండింది."

రాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆ చేతి వెనక నవ్వు వచ్చింది. హైమావతికి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు తగ్గాక, ఆమె ఆ పిల్ల ముఖంలోకి చూసి, ఆ రోజు తను చేసింది తప్పని చెప్పింది. నువ్వడిగింది మంచి ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేక నిన్ను నవ్వులపాలు చేశాను, అంది. రాణి కంచంలో గుడ్డుని వేలితో దొర్లించింది.

తర్వాత హైమావతి ఆ ఆలోచనను ఉన్నదున్నట్టు చెప్పింది. మీ అమ్మ షెడ్డులో ఉంది, బల్ల మీద మూడు కిలోలు, అరకిలో ప్యాకెట్లు, నువ్వు అయిదో ప్యాకెట్టు దాకా లెక్కపెట్టావు, అప్పుడే నేను అరిచాను. అంతవరకే నా దగ్గరుంది. దాని తర్వాతేముందో నాకు తెలియదు. అది కాక, ఇప్పుడు నాకు ఈ లెక్క కూడా రాదు, అంది.

రాణి నమ్మలేదు. నమ్మాక జాలిపడింది. ఎంగిలి చెయ్యి గాలిలోనే ఉంచి ఆలోచించింది.

"ఆరో ప్యాకెట్టుతో కుప్ప అయిపోద్ది టీచర్. మూడు కిలోల్లో అరకిలోలు ఆరుండాయి. భాగించడమంటే తగ్గించడం కాదు. ఎన్నుండాయో చూడ్డం."

హైమావతి ఆ మాటను లోపల పట్టుకుని కూర్చుంది. ఎన్నున్నాయో చూడటం. పుస్తకంలో చదివింది నిలవలేదు గానీ, ఇది నిలిచింది. ఆ పిల్ల దారిలో ఆమె ఇప్పటికే అయిదుసార్లు నడిచింది. ఆరో అడుగు వేయడానికి అక్కడ నేల ఉంది.

"పావుకిలో ప్యాకెట్లయితే?" అని అడిగింది.

"కిలోకి నాలుగు. మూడు కిలోలకి పన్నెండు. అందుకే నాలుగుతో గుణిస్తాం." అని ఆగి, రాణి తనే ఆశ్చర్యపోయింది. "అదేనా టీచర్ తలకిందులు చేసేది?"

"నాకు తెలియదమ్మా. నువ్వే చెప్పాలి. ముప్పావు కిలో ప్యాకెట్లయితే?"

ఈసారి చాలాసేపు పట్టింది. చేతులు కడుక్కోమని బెల్లు కొట్టారు. ఇద్దరూ లేవలేదు. రాణి నేల మీద మెతుకులు పేర్చింది, చెరిపేసింది, మళ్లీ పేర్చింది. హైమావతి నోరు తెరవకుండా కూర్చుంది. తన జీవితంలో ఒక పిల్ల ఆలోచిస్తుంటే అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

"మూడు కిలోలు ముందు పావులు చేస్తా. పన్నెండు పావులు. ప్యాకెట్టుకి మూడేసి పావులు. నాలుగు ప్యాకెట్లు. నాలుగుతో గుణించి, మూడుతో భాగించాలి. మూడు బై నాలుగు, నాలుగు బై మూడు అయింది!"

హైమావతి ఒక్కొక్క అడుగూ మళ్లీ చెప్పించుకుంది. రెండోసారి తను చెప్పింది, రాణి దిద్దింది. మూడోసారి తప్పు లేకుండా చెప్పింది. చెప్పాక ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. రాణి ఇదేమీ పెద్ద సంగతి కానట్టు, మీకు ఇంకా ఏమేం రావు టీచర్, అని అడిగింది.

*

ఆ నెల హైమావతి రోజూ బడికి వచ్చింది, జీతం లేని సెలవులోనే. ఏడో తరగతి పిల్లలకు సంగతి తెలిసిపోయింది. వాళ్లు టీచరుకి లెక్కలు చెప్పడానికి వంతులు వేసుకున్నారు. ఒకడు నిష్పత్తులు సిమెంటు, ఇసుకతో చెప్పాడు, వాడి నాన్న మేస్త్రీ. ఒకమ్మాయి శాతాలు ఫోన్ చార్జింగుతో చెప్పింది. కొందరు చెప్పబోయి, తమకూ రాదని మధ్యలో తెలుసుకుని నాలుక కరుచుకున్నారు. అప్పుడు అందరూ కలిసి పుస్తకం తీసేవాళ్లు. ఇరవై ఎనిమిదేళ్లలో తెలియని సంగతి ఒకటి ఆమెకు ఆ నెలలో తెలిసింది. పిల్లలకు లెక్కలు రాకపోవడం అనేది ఒక్కటే రకం కాదు. ఎవరి రాకపోవడం వాళ్లదే.

యామిని కూడా వచ్చేది. విచారణలో పడి, ఇంట్లో తోచక, మొదట అత్తగారికి తోడుగా వచ్చింది. మూడో రోజుకి ఆమె చేతిలో కాగితాలు కనిపించాయి. ఏ పిల్ల దగ్గర నేర్చుకున్నది నిలుస్తోంది, ఏది జారిపోతోంది, అంతా రాసుకునేది. మెదడులో పాత దారి తెరుచుకోలేదు. దాని పక్కన కొత్తది పడుతోంది, అదీ ఇంకొకరి అడుగుల మీద నడిచినప్పుడే. విచారణ సంఘం యామినిని మందలించింది, ఎదురుబెంచీని శాశ్వతంగా పక్కన పెట్టించింది. కానీ ఆ కాగితాలు చదివాక, పక్షవాతంతో మాట పోయినవాళ్ల మీద పనిచేసే చోట ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉత్తర్వు వచ్చిన రోజు యామిని తనే చేపల పులుసు చేసింది. ఉప్పు రెండుసార్లు వేసింది. నలుగురూ మంచినీళ్లు తాగుతూ పూర్తిగా తిన్నారు.

హైమావతికి పోయినవన్నీ తిరిగి రాలేదు. శాతాలు, నిష్పత్తులు వచ్చాయి. భిన్నాలు మాత్రం ఇప్పటికీ చటుక్కున తట్టవు. ప్రతిసారీ కుప్ప పోసి, ప్యాకెట్లు కట్టి, లెక్కపెట్టుకోవాలి. పదో తరగతి లెక్కలు ఇక తన వల్ల కాదని తనే రాసిచ్చింది. ఉత్తమ ఉపాధ్యాయురాలు చిన్న తరగతులకు దిగిందని స్టాఫ్ రూములో కొన్నాళ్లు చెప్పుకున్నారు. ఆమెకు కాస్త బాధేసింది. ఆ బాధ ఆరు, ఏడు తరగతుల తలుపు దాటి లోపలికి మాత్రం రాలేదు.

మరుసటి జులైలో కొత్త ఏడో తరగతి. మళ్లీ భిన్నాల భాగహారం. పాఠం మొదలుపెట్టి పది నిమిషాలు కాలేదు, మూడో వరసలోంచి ఖాదర్ బాషా అనే పిల్లాడు, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడ్డాడు.

"నాకు అర్థం కాలా టీచర్."

"ఎక్కడి దాకా అర్థమైందిరా?"

వాడు నిజాయితీగా వెతుక్కున్నాడు. "మొదట్నించే కాలా."

క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. హైమావతి చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని, వాడి పక్కవాణ్ణి జరగమంది. వాడు ఏమనుకుంటున్నాడో మొదట్నించి చెప్పమంది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు, మధ్యలో ఇంకో ఇద్దరు కలగజేసుకున్నారు, ఆ ఇద్దరితో ఒకమ్మాయి ఒప్పుకోలేదు. గంట కొట్టేసరికి ఆ రోజు పాఠం సగమే అయింది.